సుధాకర్ ఇంట్లో నీ స్పీకర్లు

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఎవరి కంప్యూటర్ గొప్పదో తేల్చుకోవడానికి ఆదివారాలు మన లింగంపల్లి ఇంట్లో చేరే నీ దోస్తులందరూ సంవత్సరీకానికి వచ్చారు. అన్నం తిన్నాక సుధాకర్ నీ కంప్యూటర్ డబ్బా మూత విప్పాడు.

"అంకుల్, ఇవి ఉత్తగనే ఖరాబైతయి. సౌండ్ కార్డు, స్పీకర్లు నేను తీస్కపోత" అన్నాడు. బాపు తల ఊపాడు.

"నేను రోజూ వాడుతున్న" అన్నాను.

"నువ్వు టైపింగే గద చెల్లె చేసేది. దానికి సౌండ్ ఏంటికి?"

నిన్న సుధాకర్ చెల్లెల్ని చూడటానికి చందానగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో సుధాకర్ తన ఆఫీసువాళ్లకు కంప్యూటర్ చూపిస్తున్నాడు. నీ దోస్తులూ ఉన్నారు. "ఒక్కొక్కటి ఏరి ఏరి తెచ్చిన" అంటూ నీ స్పీకర్లలో పాట పెట్టాడు. నీ దోస్తులు తలలు ఊపుతూ విన్నారు. అవి ఎవరివో ఒక్కరూ చెప్పలేదు.

"అవి మా అన్నవి" అన్నాను.

పాట ఆపకుండానే సుధాకర్ అన్నాడు: "ఆయన లేడు గదమ్మా. ఉన్నోళ్లనన్న విననియ్యి."

నేనే వెళ్లి స్పీకర్ల వైర్లు పీకేశాను. రెండింటినీ ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాను.

"గింత దానికి దోస్తుల నడుమ ఇజ్జత్ తీస్తవా?" అని బాపు కోప్పడ్డాడు. బాపు ఇజ్జత్ అన్నది సుధాకర్ గురించి, అన్నా. నీ గురించి కాదు.

నీ చెల్లెలు