బరువుకెంత బరువు

మే 19
పాత ఇంజను ఇక పనికిరాదట. అన్న ఫోన్లో చెప్పాడు, ఎవరి ఇంజనో అన్నట్టు. చేపల వేట నిషేధం ఎత్తేసేలోపు కొత్తది కొనాలి. తెప్పలో అన్నకి సగం, అక్క మొగుడు కాబట్టి బావకి సగం. అందుకే ఇంజను విషయంలో చెరో మాట. వెనక నుంచి బావ గొంతు— "మీ కాలేజీలో పట్టీలేసి మార్కులిచ్చి కొంతారంతావు గదా. మాకూ ఓ పట్టీ ఎయ్యి మరి."
సరే అన్నాను. ల్యాబు సామాను కొనేటప్పుడు ఆ పట్టిక తయారుచేసేది నేనే. చదివేవాళ్ళు లేరు, సంతకం పెట్టేవాళ్ళే. నన్ను కావాలని అడగడం ఇదే మొదలు.

మే 21
శ్రీకాకుళంలో షాపుకొచ్చి మూడు చూసి వెళ్ళారు. పెద్దది, నడిమిది, చిన్నది... ఈ పేర్లు చాలు. చూడాల్సినవి ఐదు: కెరటం దాటే శక్తి, ఆయిలు ఖర్చు, రిపేరు, ధర, మోతబరువు. ఒక్కోదానికి పదికి మార్కులు. ఏది ఎంత ముఖ్యమో దానికి అంత వెయిట్, అన్నీ కలిపి వంద. గుణించి కూడితే ఎక్కువ వచ్చిన ఇంజను గెలిచినట్టు. మార్కులు నేను వేస్తాను, వెయిట్లు వాళ్ళివ్వాలి. వాయిస్ మెసేజ్ పెట్టాను— ఒక్కోదానికి ఎంత వెయిటో చెప్పండి అని.

మే 22
చెప్పారు. కిలోల్లో.
చేపల కాటాని ఆటోలో వేసుకుని మళ్ళీ షాపుకొచ్చి, మూడు ఇంజన్లనీ తూచారు. బావ గర్వంగా— "కాయితమ్మీద రాసిందానికంటే మన కాటా మీద ఎక్కువే వచ్చీసినాది. షాపోడి మొగం సూడాల."
నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళు. ఆఫీసులో మాత్రం చెప్పను. వాళ్ళు నవ్వే నవ్వు వేరు.

మే 24, ఆదివారం
ఊరెళ్ళాను. వాకిట్లో నేల మీద సుద్దతో గడులు గీసి, ఇద్దరికీ చెరో గుప్పెడు చింతపిక్కలు ఇచ్చాను. ముఖ్యమైనదాని గడిలో ఎక్కువ వెయ్యండి, అంతే.
ఇదివరకు ఎప్పుడూ పెద్ద ఇంజనే కావాలనే బావ, పిక్కల్లో సగానికి పైగా బరువు గడిలో పోశాడు. అన్న ఆ గడిలో ఒక్కటీ వెయ్యలేదు. దాదాపు అన్నీ కెరటానికే.
"ఆ గడెందుకే? మోసీది నాను. నాకు లేని బాధ నీ పట్టీకేటి?"
బావ సుద్దగీత చెరిగిన చోట వేలితో దిద్దుతూ కూర్చున్నాడు.

మా ఒడ్డున జెట్టీ లేదు. వేట నుంచి వచ్చాక ఇంజను విప్పి ఇసకలో ఇంటిదాకా మోసుకురావాలి. మా పేటలో ఇంజను మోసేవాడు ముందు నడుస్తాడు, వలలు మోసేవాళ్ళు వెనక. ముందు నడిచేవాడే ఆసామి. తెప్ప ఎంతమందిదైనా సరే. నాన్న నడిచాడు, ఆ తర్వాత అన్న.

మే 25
బస్సెక్కే ముందు వంటింట్లో వదిన, చేప ముక్కలకి ఉప్పు రాస్తూ— "నీకు సెప్పొద్దన్నాడు మీ అన్న. సెప్పీస్తన్నాను." నిషేధానికి ముందు ఆఖరి వేట. ఇంజనుతో ఇసకలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బావ ఎత్తి తెచ్చాడు. చీకటి, ఎవరూ చూడలేదు. "బుజం పైకి లెగడం లేదు. సొక్కా నానే తొడుగుతన్నాను."
బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఏం చూశానో గుర్తులేదు.

మే 28
బావ పిక్కలతో లెక్కేస్తే చిన్నది గెలుస్తోంది. అన్న పిక్కలతో పెద్దది. ఇద్దరివీ కలిపి సగం చేస్తే నడిమిది... అది ఎవరికీ అక్కర్లేదు. కూడికలో తప్పు లేదు. మూడుసార్లు చూశాను.

జూన్ 2
అన్న ఫోన్. "ఏది గెలిసినాదే?"
ఇంకా కూడుతున్నానన్నాను. ఎప్పుడో కూడేశాను.

జూన్ 3
అన్నది వట్టి పంతమే అయితే నాకు తేలికయ్యేది. కాదు. ఇవాళ మళ్ళీ ఫోన్ చేసి అడిగాడు— "సిన్న ఇంజను కెరటం మజ్జిలో నీలిగితే మీ బావని నువ్వు తెస్తావేటి, పట్టీ పట్టుకొని?"


జూన్ 5
ఈసారి బావ. లంచ్ టైములో. గొంతు తగ్గించి— "బరువుకి ఇంకొంచెం ఎక్కువెయ్యి. నాను సెప్పినట్టు సెప్పకు."
"మీరే మోయొచ్చు కదా బావా?"
"మోస్తాను. ఆడు మొయ్యనిస్తాడేటి? మోస్తే నాను ముందు నడవాల. ఆడు నా ఎనక నడవాల. అది నావల్ల కాదే."

జూన్ 7, ఆదివారం
చదివి వినిపించాను. చిన్నది గెలిచిందని. అన్న పట్టిక అందుకుని అటూ ఇటూ తిప్పాడు.
"ఇందల నా మాటెంత?"
చెప్పాను.
"మీ బావదెంత?"
అంతే.
"మరి నీదెంత?"
ఇద్దరివీ కలిపిన చోట మూడో మనిషిగా నన్ను నేనే చేర్చుకున్నాను. నా వందలో ఎక్కువ భాగం బరువుకే. దొరికిపోయాను. మామూలుగా నాకు ఏడుపు రాదు, వచ్చింది. "నాకు నీ భుజం కావాలన్నా. తెప్ప ఏమైతే నాకేం," అన్నాను.
వదిన వంక చూశాడు. చెప్పేసిందని తెలిసిపోయింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.
"షాపోడిని పెద్దది తెమ్మను. ఓపాలి సముద్రంలో నడిపి సూస్తాం. నాను మోసీసినాననుకో, ఆ గడి కొట్టీ."
"మొయ్యలేకపోతే?"
లేచి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. ఎడంచేత్తోనే చెంబు పట్టుకున్నాడు.

జూన్ 11
షాపువాడు ఒప్పుకున్నాడు. నిషేధం ఎత్తేసిన రోజు ఇంజను తెస్తాడు. ఒక్కసారి కెరటం దాటి రావచ్చు, వల వెయ్యకూడదు.
సెలవు అడిగాను. దొరకలేదు. నిజానికి గట్టిగా అడగలేదు.

జూన్ 15
ఉదయం వదిన ఫోన్. "ఎత్తీసినాడే! ఒక్కడే. నీటిదాకా ఎల్లిపోనాడు. అందరూ సూస్తన్నారు." కెరటం ఒక్క ఊపులో దాటిందట.
నా ముందు మైక్రోస్కోపుల ఫైలు. నాలుగు కంపెనీలు, ఆరు గడులు. ఎవరైనా ఎంచుకోవచ్చు దీన్ని.
వెళ్ళేటప్పుడు మోయడం వేరు, తిరిగొచ్చేటప్పుడు మోయడం వేరు. వదినకి చెప్పక్కర్లేదు అది.

మళ్ళీ ఫోన్. తెప్ప ఒడ్డుకొచ్చింది.
"ఇంజను విప్పీసినారు. మీ అన్న ఓ పక్క, మీ బావ ఓ పక్క పట్టుకున్నారు."
ఎవరి భుజానికి ఎత్తుతున్నారు వదినా?
"ఇంకా ఎత్తలేదే. నీళ్ళలోనే నిలబడున్నారు. ఏటో మాటాడుకుంటన్నారు."
ఏమంటున్నారు?
"ఇనబడతల్లేదు. గాలి."
ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు.