ఒక దండం ఎక్కువైంది

బూసాన్ నుంచి

సరిహద్దు కొండల మీద చలికి వణుకుతూ దేశాన్ని కాపాడుతున్న నా ఏకైక తమ్ముడు ఇన్‌గ్యూకి,

ఇక్కడ అందరం క్షేమం, నేను తప్ప. పటాలంలో మీకు ఫోన్లు ఇవ్వరు కాబట్టి మన ఇంటి పరువు పోయిన వైనం నీకు కాగితం మీదే పంపాల్సి వస్తోంది. కూర్చుని చదువు. తుపాకీ పక్కన పెట్టు.

నిన్న నాయనమ్మ పుట్టినరోజు. బంధువులంతా వచ్చారు. అమ్మ సముద్రపు నాచు సూప్ వండింది. ఒక్కొక్కరం నాయనమ్మ ముందు మోకరిల్లి, నుదురు నేలకానించి దండం పెడుతున్నాం. నా వంతు వచ్చింది. పెట్టాను. లేచాను. లేచినవాణ్ని లేచినట్టు ఉండక, మళ్ళీ వంగి ఇంకొకటి పెట్టాను!

నాన్న ముఖం ఉడికిన పీతలా అయింది.

"రెండు దండాలు ఎవరికి పెడతార్రా వెధవా? పోయినవాళ్ళకి! మా అమ్మ ఇంకా సూప్ తాగుతోందిరా!"

"అలవాటులో వచ్చేసింది నాన్నా," అన్నాను. అక్కడే దొరికిపోయాను. రోజూ రెండేసి దండాలు పెట్టే అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందని మొదలైంది విచారణ.

నేను ఈవెంట్ కంపెనీలో చేస్తున్నానని ఇంట్లో చెప్పాను కదా. అబద్ధం కాదు. ఆ ఈవెంటు చావు, అంతే. మాది ఉత్తుత్తి అంత్యక్రియల కేంద్రం. జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. దండేసే ఫొటో తీయించుకుంటారు, జనపనార బట్టలు కట్టుకుంటారు, ఇంట్లోవాళ్ళకి చివరి మాటలు రాసుకుంటారు, ఆ తర్వాత శవపేటికలో పడుకుంటారు. మూత వేసేవాడు యమదూత. ఆ యమదూతను నేనే. ముఖానికి బూడిదరంగు పౌడరు పూసుకుని, ఒక్కొక్కరి ఫొటోకీ రెండేసి దండాలు పెట్టి, మూతలు మూస్తాను. పది నిమిషాలయ్యాక తీస్తాను.

మనస్తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న మహానుభావుణ్ని కాబట్టి, లేచినవాళ్ళ ముఖాలు చూడటం నాకు వ్యసనమైపోయింది. ఒక బ్యాంకు మేనేజరు పెట్టెలోంచి కాళ్ళు బయట పెట్టకముందే పెళ్ళానికి ఫోన్ చేసి భోరుమన్నాడు. ఒకావిడ తిన్నగా బజారుకెళ్ళి ఎర్ర కోటు కొనుక్కుంది. ఇంకొకాయన బుద్ధుడంత ప్రశాంతంగా లేచి, బయట తన కారుకి అడ్డంగా బండి పెట్టినవాణ్ని అమ్మనాబూతులు తిట్టాడు. అందరూ మారరు. కొందరికి భయం ఎక్కువై మూత వేయకముందే వెళ్ళిపోతారు. వాళ్ళని చూసినప్పుడల్లా నాకు నాన్నే గుర్తొస్తాడు.

మన చేప వడల దుకాణం నంబరు నాలుగు. మన కొరియన్‌లో నాలుగంటే చావు అన్నట్టే వినబడుతుందని బిల్లుల మీద "మూడు పక్కది" అని అచ్చు వేయించిన మనిషి ఆయన. ఇప్పుడు అసలు సంగతి, కంగారు పడకుండా చదువు. నాన్న గుండెకి ఆపరేషన్ కావాలని డాక్టరు వేసవిలోనే చెప్పాడు. ఆలస్యం చేస్తే ఏ రోజు ఏమవుతుందో తన చేతుల్లో లేదన్నాడు. ఆ రోజు నుంచి నాన్న ఆస్పత్రి ఉన్న వీధిలోకే వెళ్ళడం మానేశాడు. చుట్టూ తిరిగి మార్కెట్టుకి పోతున్నాడు. అమ్మ ఏడిచింది, నేను బతిమాలాను. "వడలు బాగా అమ్ముడుపోయే కాలం, తర్వాత చూద్దాం," అంటాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. చెప్పనని ఒట్టేశాను. రాయనని వేయలేదు.

"కాలేజీకి పంపింది మూతలు వేయడానికా?" అని నిన్న ఆయన అరుస్తుంటే మధ్యలో నాయనమ్మ అందుకుంది: "ఒరేయ్ పెద్దోడా, మీ దగ్గర పెట్టెలో పరుపు ఉంటుందా?"

ఉండదన్నాను.

"పోనీలే. వచ్చే వారం నన్ను తీసుకెళ్ళు. ఎలా ఉంటుందో చూసొస్తా. దల్సూ, నువ్వే నన్ను ఎత్తుకుని మెట్లెక్కించాలి. రానంటావా, కొడుకులు లేరని చెప్పి ఒక్కదాన్నే వెళ్తా."

నాన్నను పేరు పెట్టి పిలిచిందంటే ఇక తిరుగులేదని నీకు తెలుసుగా.

ఇంటి నుంచి ఇంకా గెంటివేయబడని నీ అన్న,
దోగ్యూ (యమదూత, తాత్కాలిక ఉద్యోగి)


బూసాన్

చెవులు గడ్డకట్టిన తమ్ముడికి,

నువ్వు రాసిన తిట్లు అందాయి. అన్నీ నాకు తగినవే. ఇప్పుడు జరిగింది విను.

నేనెత్తుకుంటానన్నా వినక, నాన్న నాయనమ్మను వీపున మోసుకుని ఆగి ఆగి మూడంతస్తులు ఎక్కాడు. ఎక్కి, గోడవైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వరసగా పేర్చిన పెట్టెల వైపు చూడనైనా చూడలేదు. మా డైరెక్టరు ఓక్ గారు టీ ఇస్తే, "ఇక్కడి నీళ్ళు నేను తాగను," అన్నాడు. ఆమె ఎంతమందిని చూసిందో, నవ్వి ఊరుకుంది.

నాయనమ్మ మాత్రం పెళ్ళికూతురిలా ముస్తాబైంది. ఫొటోలో పళ్ళు లేని నోరు కనబడేట్టు నవ్వింది. "పోయాక కూడా ఏడుపు ముఖం ఎందుకు," అంది. జనపనార బట్ట కట్టుకుని, "గుచ్చుకుంటోంది. అసలుది పట్టుతో కుట్టించండి," అని ఆర్డరు వేసింది. తీరా పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"దల్సూ, ఇటు రా. ఇందులో మేకులేమైనా పైకొచ్చాయేమో పడుకుని చూడు."

"నేనా?"

"చిన్నప్పుడు నీకు వేణ్ణీళ్ళు పోసేముందు నేను చెయ్యి పెట్టి చూసేదాన్ని కాదూ? ఇప్పుడు నా వీపుకి గుచ్చుకుంటే నీకు సరదానా?"

నాన్న గొణుక్కుంటూ వచ్చాడు. కళ్ళు మూసుకుని పెట్టెలోకి కాలు పెట్టాడు, రెండో కాలు పెట్టాడు, కర్రలా బిగుసుకుని పడుకున్నాడు. "మేకులేం లేవు. లేవనా?" అన్నాడు.

నాయనమ్మ నా మోచేయి గిల్లింది. "వేసెయ్," అని పెదవులతో అంది.

రోజూ వేసే మూతేరా ఇన్‌గ్యూ. చెక్క అదే, బరువూ అదే. ఆ పూట రెండుసార్లు ఎత్తి మళ్ళీ కింద పెట్టాను. అయినా వేశాను. లోపలి నుంచి "ఒరేయ్!" అన్న ఒక్క కేక వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు.

నాయనమ్మ గెలిచినదానిలా నా వైపు చూసి కన్ను కొట్టింది. నేనూ నవ్వాను. నవ్వు ముఖం మీద ఉండగానే ఆమె కళ్ళు ఆ మూత మీద పడ్డాయి. అంతే. తన చావు గురించి ఆమె పొద్దున్నే పళ్ళెంలో అన్నం పెట్టుకుంటూ మాట్లాడగలదు. కొడుకు మీద మూత ఉండటం ఆమె ఎప్పుడూ అనుకుని ఎరగదు. దబ్బున కిందికి కూలబడి రెండు చేతులతో పెట్టెను బాదడం మొదలుపెట్టింది.

"ఒరేయ్ దల్సూ! లేరా! నేనుండగా నువ్వేంట్రా ముందు పడుకునేది! వరసలో నేను ముందున్నా! లే, బయటికి రా!"

లోపలి నుంచి పదేళ్ళ పిల్లాడి గొంతులా వినిపించింది: "వస్తున్నానే అమ్మా! కొట్టకు, వస్తున్నా!"

నేను మూత తీసేలోపు ఆయనే తలతో నెట్టుకుని లేచాడు. నాయనమ్మ ఆయన చొక్కా పట్టుకుని నాలుగు తగిలించింది. అవును, నాలుగే. నాన్న లెక్కపెట్టకుండా తిన్నాడు. తర్వాత ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, పక్కన వాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాడు. ఓక్ గారు టీ మళ్ళీ వేడి చేసి తెచ్చింది. ఈసారి తాగాడు.

నాయనమ్మ పెట్టెలో పడుకోనే లేదు. "ఇప్పుడు తీరిక లేదు," అంది.

బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను తిట్ల కోసం సిద్ధపడి ఉన్నాను.

"లోపల ఏమనుకున్నానో తెలుసా?" అన్నాడు.

"చెప్పు నాన్నా."

"ఏమీ అనుకోలేదు. చీకటిగా ఉంది, అంతే. ఇన్నాళ్ళూ ఇంకేదో ఉంటుందనుకున్నా. మా అమ్మ అలా కొట్టుకోవడమే వినలేకపోయా." మళ్ళీ తనే, "ఆ డాక్టరు నంబరు మీ అమ్మ దగ్గరుందా, నీ దగ్గరుందా?" అన్నాడు.

నా దగ్గరే ఉంది. ఆయన దిగేలోపు చేసేశాను.

ఎల్లుండి ఆపరేషన్. నీకు సెలవు దొరకదని తెలుసు. నువ్వక్కడ మెలకువగా ఉండు, ఇక్కడ నేనుంటాను.

నీ అన్న దోగ్యూ


ఆస్పత్రి నుంచి

గండం గట్టెక్కిన ఇంటి రెండో కొడుకుకి,

ఆపరేషన్ బాగా జరిగింది! మీ అధికారి ఇప్పించిన ఫోన్లో అమ్మ ఏడుపు విని నువ్వు తారుమారుగా అర్థం చేసుకున్నావట. అది సంతోషం ఏడుపురా. ఆమెకి రెంటికీ ఒకటే రాగం.

ముందు నాయనమ్మ వార్త. ఇరవై ఏళ్ళుగా "ఇవాళో రేపో పోతాను, నాకెందుకు" అంటూ కొత్త చెప్పులు కూడా కొననివ్వని మనిషి, నిన్న దంతవైద్యుడి దగ్గరికెళ్ళి నోటినిండా పళ్ళు కట్టించుకుంటానని కొలతలు ఇచ్చి వచ్చింది. "దల్సు కోలుకోవాలి, చిన్నోడు పటాలం నుంచి రావాలి, అంతదాకా గంజి తాగుతూ కూర్చోనా? ఎండు స్క్విడ్ నమలాలి," అంటోంది.

నాన్న సంగతి ఇంకా ఘోరం. చావు మాట ఎత్తితే గదిలోంచి లేచిపోయే మనిషి ఇప్పుడు వార్డులో ఉపన్యాసాలు ఇస్తున్నాడు. "పెట్టెలో పడుకున్నవాణ్ని నేను, నా మాట వినండి," అంటాడు. ఆరుగురు గుండె రోగులు ఊపిరి బిగబట్టి వింటారు. నర్సు వచ్చి ఊపిరి వదలండి అంటుంది.

ఇవాళ సాయంత్రం నేను పనయ్యాక నారింజల సంచీ పట్టుకుని వెళ్ళి, నాన్న మంచం మీద పెట్టాను. పక్క మంచం మీద బేక్ తాత అని ఒకాయన ఉన్నాడు. రేపు ఆయనకి ఆపరేషన్. పొద్దుటి నుంచీ గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదట.

"మా పెద్దాడు," అన్నాడు నాన్న ఆయన వీపుతో.

"ఏం చేస్తుంటాడు?" అన్నాడు తాత తిరక్కుండానే.

నేను "ఈవెంట్ కంపెనీ" అనబోయాను. నాన్న నా కంటే ముందే, దుకాణంలో వడల పేరు చెప్పినంత గట్టిగా, "యమదూత!" అన్నాడు.

బేక్ తాత ఇటు తిరిగాడు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని నన్ను కిందా మీదా చూశాడు.

"ఎవరి కోసం వచ్చాడు?"

"నా కోసమే. చూడటానికొచ్చాడు," అన్నాడు నాన్న.

తాత దుప్పటి కింద నుంచి చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"చేతులు ఖాళీగానే ఉన్నాయిగా. ఆ నారింజ ఒకటి వలిచిపెట్టు బాబూ."

వలిచాను. ఒక్కొక్క తొనా తింటూ ఆయన రేపటి గురించి అడిగాడు, మత్తిస్తే కలలొస్తాయా, మెలకువ వస్తుందని ఎలా తెలుస్తుంది అని. నాన్న జవాబులు చెబుతూ పోయాడు. ఇంతలో కిటికీ దగ్గరాయన కూడా చెయ్యి చాచాడు, తలుపు దగ్గరాయన గొంతు సవరించుకున్నాడు. సంచీ ఖాళీ అయింది. ఇంకొకటి పట్టుకురమ్మని నాన్న నన్ను కిందికి తరిమాడు. పండ్ల కొట్టు దగ్గర వరస పెద్దదిగా ఉంది, నిలబడే ఇది రాస్తున్నాను. కాగితానికి నారింజ వాసన వస్తే క్షమించు.

నీ అన్న,
దోగ్యూ