శుక్రవారం మోగిన గంట

పోపయాన్,
2019 ఏప్రిల్ 27, శనివారం.

మా అమ్మాయి నోయెమి జ్ఞానతండ్రి, కొంపాద్రే ఎవెలియో గారికి ఎదెల్మిరా వందనాలు. పునరుత్థానుడైన ప్రభువు మీ ఇంటిని చల్లగా చూడాలి. ఇక్కడ మేం క్షేమం. నా కుడిభుజం నొప్పి మాత్రం అలాగే ఉంది.

మీ ఉత్తరం అందింది. రేడియో వాళ్లు మిమ్మల్ని నాటకాల నుంచి తప్పించారని చదివాను. "మీరూ ముందే విన్నారు కదా కొమాద్రే, మీకూ తట్టలేదా?" అని అడిగారు. దానికి తర్వాత వస్తాను.

ఇరవై ఆరేళ్లు మీ నాటకాలకి చప్పుళ్లు చేసింది ఈ చేతులే. రేకు పళ్లెంలో బఠానీలు దొర్లిస్తే వాన. పట్టుగుడ్డ లాగితే గాలి. గుడ్ ఫ్రైడే నాటకంలో ప్రభువు ప్రాణం విడిచాక, గంటకి బదులు మోగించే చెక్క గిలక మత్రాకా గరగరా తిప్పేదాన్ని. పవిత్ర గురువారం నుంచి ఈస్టర్ దాకా ఊళ్లో గుడి గంటలన్నీ మూగబోతాయి కదా. ఆ క్షణంలో మీ కళ్లు గడియారం మీదే ఉండేవి. ఆ గరగర మీ చెవికి ఏనాడూ పట్టలేదు.

ఫిబ్రవరిలో నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "మూడు సింథసైజర్లు చూశాను. అన్నీ సాఫ్ట్‌వేరే. మీ చెవికి నచ్చిందే కొందాం" అన్నారు. నా భుజం చూసి జాలిపడ్డారనుకున్నాను. మొదటిదాని వాన నూనెలో ఎంపనాదాలు వేగుతున్నట్టుంది. రెండోది పాటకి బాగుంది గానీ, దాని గాలికి చలి లేదు. మూడోది అన్నీ చేసింది: పెంకుల మీద వాన, రాళ్ల మీద గాడిద డెక్కలు, గుంపు గొణుగుడు. ఒక్క మీట తిప్పితే గాలే మెల్లగా ఏడుపయింది. ఇదే తీసుకోండి అన్నాను, నిజాయితీగా.

మర్నాడే, "ఇక విశ్రాంతి తీసుకోండి కొమాద్రే, ఆ బఠానీలు సూప్‌లో వేసుకోండి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈసారి గుడ్ ఫ్రైడే శుక్రవారం నాటకంలో ప్రభువు తల వాల్చగానే, మత్రాకా ఉండాల్సిన చోట గంట మోగింది, నిండుగా. మా సందులో పళ్లమ్మే చెపా, "ప్రభువు ప్రాణం విడిచాడా, బడి విడిచారా?" అంది. సాయంత్రానికి ఊరంతా అదే మాట.

నేను మత్రాకా పట్టుకుని తిరిగొస్తే రేడియో వాళ్లు మిమ్మల్నీ పెట్టుకుంటారని రాశారు. రాను. మత్రాకా మా గుడికి ఇచ్చేశాను.

దేవుడు మీకు తోడుండాలి.

మీ కొమాద్రే,
ఎదెల్మిరా

తా.క. తట్టింది. గుడ్ ఫ్రైడేకి ముందటి మంగళవారం మీరు నాటకం రికార్డింగ్ పంపి, అబద్ధంగా వినిపించేది ఏమైనా ఉందా అని అడిగారు. మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ ఆ గంట దగ్గర ఒళ్లు జలదరించింది. ఏదీ అబద్ధంగా లేదని కబురు పెట్టాను. ఫాదర్ హసింతో దగ్గర పాపసంకీర్తనం చేస్తే, ముందు మీకు నిజం రాయమన్నారు, పశ్చాత్తాపం కలిగాక మళ్లీ రమ్మన్నారు. రోజూ గుడిలో కూర్చుని దానికోసం చూస్తున్నాను. ఇంకా రాలేదు.