కేమెల్ ఫ్లాట్‌లో ఒంటెలు లేవు

బెండిగో ఆసుపత్రి,
1979 మార్చి, సోమవారం.

చిరంజీవి గార్త్‌కు,

ఆశీస్సులు రెండో పేరాలో ఇస్తాను. ముందు నీ తప్పు దిద్దాలి. కేమెల్ ఫ్లాట్‌లో ఏనాడూ ఒంటెలు లేవు. పాతరోజుల్లో అఫ్గాన్ ఒంటెలవాళ్ళు అక్కడ విడిది చేసేవారనీ, అందుకే మన దక్షిణపు బీడుకు ఆ పేరొచ్చిందనీ యుద్ధానికెళ్ళినవాళ్ళను తలుచుకునే ఆన్జాక్ రోజు కోసం రాసిన కాగితంలో పెట్టావు. ఒంటెల దారి మనకు ఉత్తరాన ఎక్కడో ఉంది. మన జిల్లాకు వచ్చిన ఒకే ఒక్క ఒంటె సర్కస్‌ది. అదీ ఒక పూట ఉండి, నచ్చక వెళ్ళిపోయింది. ఆ పేరు మీ ముత్తాత పెట్టాడు, అదీ తనకు తెలియకుండానే. ఎలాగో చెప్పడానికే ఈ ఉత్తరం. చదవడం పూర్తయ్యేదాకా ఆ బీడులో కాలు పెట్టకు. పూర్తయ్యాక ఎలాగూ పెట్టవు.

ఇక ఆశీస్సులు. ఈ వార్డులో అందరం క్షేమం. క్షేమంగా లేనివాళ్ళను తెల్లారేసరికి పక్క వార్డుకు తీసుకుపోతారు గనుక మిగిలినవాళ్ళం ఎప్పుడూ క్షేమమే. విరిగిన తుంటి అతుక్కుంటోందట. డాక్టరు ఇంకా మీసం రాని పిల్లాడు, నన్ను ‘బంగారూ’ అంటాడు. ఇలాంటివాళ్ళ వ్యాకరణం దిద్దుతూ బతికినదాన్ని. భరిస్తున్నాను.

నిన్న ఫోన్లో నేను ‘గురువారం బుల్డోజర్ వద్దు, ఆ బీడు ఛాయలకు పోకు’ అంటే నువ్వేమన్నావు? “నానమ్మా, నొప్పి మాత్రలు ఎక్కువయ్యాయా? కుందేళ్ళ బొరియలు నేల ఎండి ఉన్నప్పుడే దున్నించాలి. కెల్ డ్వయర్ బండి సిద్ధంగా ఉంది” అన్నావు. మాత్రలు కాదు నాయనా. లైనులో మెర్ల్ ఊపిరి వినిపించింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఆవిడ వినని కాపురం మన జిల్లాలో లేదు. నేను అసలు మాట అనివుంటే, సాయంత్రానికి జిల్లా జిల్లా అంతా టీ ఫ్లాస్కులు పట్టుకుని, పిల్లల్ని భుజాలకెత్తుకుని, సరిగ్గా ఆ నేలమీదే నిలబడి చూసేది. అందుకే ఉత్తరం అందేదాకా ఆగుతానని నీచేత ఒట్టు వేయించుకున్నాను.

ముత్తాత యుద్ధంలో ఏం చేశాడని అడిగావు. హాల్లో చదవడానికి రెండు వాక్యాలు కావాలన్నావు, గుర్రపు దళమేనా అన్నావు. గుర్రం లేదు, జెండా లేదు. మా నాన్న ఆంబ్రోస్ ట్రెగియర్ మొదటి ప్రపంచ యుద్ధమంతా భూమి కింద గడిపాడు. అంతకుముందు ఈ బెండిగో బంగారు గనుల్లో పనివాడు. అలాంటివాళ్ళను సైన్యం ఏరి ఫ్రాన్సుకు తీసుకెళ్ళి జర్మన్ల కందకాల కిందికి సొరంగాలు తవ్వించింది. జర్మన్లూ ఇటు తవ్వుకొస్తున్నారు. ముందు మందు దట్టించి పేల్చినవాడిది బతుకు. నాన్న చెవి మంచిదని ఆయన్ను వినే పనికి పెట్టారు. బూట్లు విప్పి, మేజోళ్ళతో పాకుతూ వెళ్ళి, మట్టిగోడకు చెవి ఆనించి కూర్చోవడం. మన ఇంట్లో బూట్లు ఎందుకు నిషేధమని అడిగావు గదా, అదీ కారణం. తివాచీ కోసమని మీ అమ్మ అనుకుంటుంది. అనుకోనీ, తివాచీకీ మంచిదే.

“గునపం చప్పుడు వినిపిస్తుంటే భయం లేదు ఇజ్జీ, అవతలివాడు ఇంకా తవ్వుతున్నాడు. ఆగితేనే భయం. మందు నింపుతున్నాడన్నమాట” అనేవాడు నాతో.

ఒకసారి ఆగింది. నాన్న వెళ్ళి చెప్పాడు. అధికారి ఒక చిన్న మందుపాతర పెట్టించాడు. పైన నేల కదలదు, కింద అవతలివాళ్ళ సొరంగం మాత్రం కూలుతుంది. కూలింది. ఆ తర్వాత మళ్ళీ నాన్నే వెళ్ళి వినాలి. మట్టికి అవతల ఎవడో తడుతున్నాడు. వరసగా కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టి. గనిలో చిక్కుకున్నవాడు ఏ దేశంలోనైనా తట్టేది అలాగే. ఆ తట్టడం ఆగేదాకా వినడం నాన్న డ్యూటీ. విన్నాడు. పైకొచ్చి “నిశ్శబ్దం, సార్” అని చెప్పాడు.

ఎవరినైనా చంపాడా అని కూడా అడిగావు. ఇదే జవాబు. హాల్లో చదవకు.

తిరిగొచ్చాక, సైనికులకు పంచిన భూముల్లో ఆయనకు మన పొలం వచ్చింది. చెట్టన్నది లేని ఉప్పు మైదానం. అన్నీ బాగానే ఉండేవి గానీ, భోజనాల దగ్గర ఉన్నట్టుండి వేలెత్తేవాడు. మేమంతా ఫోర్కులు గాల్లోనే ఆపెయ్యాలి. నేల కింద ఎవరో తవ్వుతున్నారనేవాడు.

“కుందేళ్ళు, ఆంబ్రోస్” అనేది మా అమ్మ టాంసిన్.

“కుందేళ్ళు షిఫ్టులు మారవు, టాంసిన్.”

చివరికి తనూ ఎదురు తవ్వడం మొదలుపెట్టాడు. బావి తవ్వుతున్నానని ఊరికి చెప్పాడు. మన జిల్లాలో నీళ్ళు పడని బావిని ఎవరు అనుమానిస్తారు?

తర్వాత కరువొచ్చింది. నేను అప్పటికి టీచరుద్యోగంలో ఉన్నాను, సెలవులకు ఇంటికొచ్చాను. మేత లేక కుందేళ్ళు కంచెల వెంట గుట్టలుగా చచ్చిపడ్డాయి. జిల్లా అంతా సంతోషించింది. మా నాన్న ఒక్కడి మొహంలో నెత్తురు లేదు. నేల కింద చప్పుడు ఆగిపోయింది.

మర్నాడే దుకాణానికెళ్ళి జిలెటిన్ కడ్డీలు పెట్టెలకు పెట్టెలు తెచ్చాడు. మోడులు పేల్చడానికి అప్పట్లో రైతులందరూ కొనేవారులే.

“నీ పొలంలో చెట్టే లేదు గదయ్యా, మోడెక్కడిది?” అన్నాడట దుకాణం ఆల్ఫ్.

“ఒకటుంది. వేళ్ళు ఫ్రాన్సు దాకా పోయాయి.”

ఆల్ఫ్ పడీపడీ నవ్వి, పెట్టెలు తనే బండికెక్కించాడట.

ఒక మధ్యాహ్నం నాన్న భోజనానికొచ్చి కణతలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. కోటు నుంచి బాదం వాసన. కళ్ళు మాత్రం ఎన్నేళ్ళకో ప్రశాంతంగా ఉన్నాయి. పెట్టెలేమయ్యాయని అడిగాను. దక్షిణపు బీడు వైపు చూపించి, గొంతు తగ్గించి, “కామఫ్లెట్, ఇజ్జీ. పెట్టేశాను. పైన కప్పేశాను” అన్నాడు. ఆ చిన్న మందుపాతరకు సైన్యంలో వాడే ఫ్రెంచి పేరు అది. పక్క పొలం మిసెస్ ఓకీఫ్ ఆ పూట మా ఇంట్లోనే తింటోంది. “ఏంటీ, ఏమంటున్నాడు?” అంది.

అమ్మ బంగాళాదుంపలు వడ్డిస్తూ, రెప్ప వెయ్యకుండా, “కేమెల్ ఫ్లాట్ అంటున్నాడు. అక్కడ వెనకటికి ఒంటెలు దిగేవిట” అంది.

మిసెస్ ఓకీఫ్‌కు చెబితే పేపర్లో వేసినట్టే. నీ దాకా వచ్చింది చూడు.

ఆ చలికాలమే నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పాతర పేల్చలేదు. మంచం దగ్గర కూర్చుని, ఎందుకు పేల్చలేదని నేనే అడిగాను. “చూస్తున్నా. ఈసారి ఎవడైనా తడితే తవ్వి తీస్తాను” అన్నాడు.

నేల తేమకు ఆ జిలెటినంతా ఎప్పుడో చచ్చిపోతుందని అమ్మ నమ్మింది, నన్నూ నమ్మించింది. అయినా బతికినన్నాళ్ళూ ఆ బీడులో నాగలి పెట్టనివ్వలేదు. ఆవిడ తర్వాత నేనూ పెట్టనివ్వలేదు. ఉప్పునేల, దున్నితే దండగ అని మీ నాన్నకు చెప్పాను. ఆ నమ్మకం నీ కిందటి ఉత్తరంతో పోయింది. నేల కుంగి గొర్రె పడిపోతే ఆ కంతలో తల పెట్టి చూశానని రాశావు. లోపల క్రిస్మస్ కేకు మీది బాదం పూతలాగా తియ్యటి వాసన వచ్చిందనీ, సాయంత్రం దాకా తల పగిలిపోయిందనీ, ఎండదెబ్బ కాబోలనీ రాశావు. ఎండ కాదురా. నాకా వాసన తెలుసు. జిలెటిన్ పాతబడితే చావదు, చెమట పడుతుంది. ఆ చెమట మీద ఒక రాయి జారినా చాలు. నువ్వు ఆ కంతలో తల పెట్టినప్పుడు నీ మోచేతి కింద ఎన్ని రాళ్ళు జారి ఉంటాయోనని ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. కుందేళ్ళు మళ్ళీ వచ్చి ఆయన సొరంగంలోకి దారి చేసుకున్నట్టున్నాయి. కెల్ బుల్డోజర్ వెనకుండే ఇనుప గోళ్ళు అంత లోతూ దిగుతాయి.

ఇక్కడి పోలీసు సార్జెంటును మంచం దగ్గరికి పిలిపించి అంతా చెప్పాను. సైన్యం నుంచి మందుగుండు తెలిసినవాళ్ళు శుక్రవారం వస్తారు. “పాతర పెట్టింది ఎవరు మేడమ్, శత్రువులా?” అన్నాడు రాసుకుంటూ. “మా నాన్న” అన్నాను. కలం ఆపేశాడు.

హాల్లో చదవడానికి నీ రెండు వాక్యాలివిగో: ‘ఆంబ్రోస్ ట్రెగియర్ ఫ్రాన్సులో సొరంగాల దళంలో పనిచేశాడు. శ్రద్ధగా వినేవాడు.’ మూడోది కలపకు.

ఇక పని. ఈ ఉత్తరం బుధవారం మెయిల్ కారులో అందుతుంది, అందిన వెంటనే లేవాలి. కెల్‌కు ఫోన్ చెయ్యకు. తారురోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళి మొహం మీదే చెప్పు. ముసలిదానికి మతి చలించిందని చెప్పినా నాకేం బాధ లేదు. కుక్కను గొలుసుతో కట్టెయ్. బీడులో ఉన్న గొర్రెల్ని గేటు దగ్గర నిలబడి దాణా బకెట్టు చప్పుడు చేసి బయటికి పిలువు, వెనకనుంచి తోలకు. తర్వాత షెడ్డు వెనకున్న పాత ట్రాక్టరు టైర్లను తారురోడ్డు మీదుగానే తెచ్చి ఎవరూ లోపలికి పోకుండా గేటుకు బయట వరసగా పెట్టు. వాటిలో ఇసుక పోసి, ఇనుప గుంజల్ని ఆ ఇసుకలోనే నిలబెట్టి తీగ చుట్టు. గుంజ ఒక్కటి కూడా నేలలో దిగగొట్టకు. సుత్తిని ఇంట్లోనే వదిలి వెళ్ళు. చేతిలో ఉంటే మన వంశంలో మగవాడెవడూ కొట్టకుండా ఉండలేడు.

ఇట్లు,
ఇంకా చాలా ఏళ్ళు నీ మీద సణగాలని కోరుకునే
మీ నానమ్మ ఇసొబెల్