గురుగ్రహం చంద్రులు పన్నెండుమంది

1965 ఆగస్టు

ఎస్తేరూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. జ్ఞాపకార్థ కూటంలో అందరూ నీ మంచితనం గురించి చెప్పారు. నేను మాత్రం నువ్వు బడిలో పిల్లలకు చెప్పి, పొయ్యి దగ్గర కూర్చుని నాకూ నేర్పిన పాఠమే ప్రసంగించాను. గురుగ్రహానికి పన్నెండుమంది చంద్రులనీ, వారిలో కొందరు మన చంద్రుడికంటే పెద్దవారనీ, అంగారకుడికున్న ఇద్దరూ మన కొండలంతేననీ చెప్పాను.

సంఘపెద్ద, అదే మీ అన్న, లేచి అరిచాడు. "దేవుడు సేసింది ఒక్క సెంద్రుణ్ణే! పన్నెండేటి బావా? తప్పని ఒప్పుకో, నేదంటే ఇంక పుల్పిటు ఎక్కకు!"

"సుక్కలన్నిటికీ పేర్లెట్టి పిలిసే దేవుడికి పన్నెండుమంది బరువైపోతారేటి? ఆయన ఎందర్ని సేసాడో నువ్వు ఎల్లి సూసొచ్చావా బావా?" అన్నాను.

వెనక ఆడవాళ్లు నవ్వారు. మీ అన్న నవ్వలేదు.

బైబిలు చంకలో పెట్టుకుని ప్రసంగవేదిక దిగిపోయాను. నీ పాఠం తప్పని చెప్పి నిలబెట్టుకునే పుల్పిటు నాకెందుకు? వచ్చే వారం నరసన్నపేట సంతలో నిలబడి ఇదే చెబుతాను. ఎవరు ఆపుతారో చూస్తాను.

శనిగ్రహం దగ్గర మన పాఠం ఆగిపోయింది. దానికి ఎందరు చంద్రులో నీ పుస్తకంలో వెతుకుతున్నాను. తెలిశాక అదీ చెబుతాను.