ఆగి, మళ్ళీ చదవాలి

కలిదిండి

డయానాకు పెదనాన్న దీవెనలు.

పొద్దుట్నుంచీ ముసురు. చేపల చెరువుల్లో మేత చల్లించి, గట్టు తెగిన చోట మట్టి వేయించాను. నువ్వు చేసి పంపిన ఏరియేటర్ పెట్టెతోనే ఇబ్బంది. కరెంటు పోయి వస్తే సగం లేచి బిగుసుకుపోతోంది. నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరగవు, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. ఎవరో ఒకరు స్విచ్చి దగ్గరే కూర్చోవాలి. వచ్చే నెల గుడివాడలో అమలమ్మ కొడుకు పెళ్ళి. ఇద్దరం కలిసే వెళ్ళాలని మీ పెద్దమ్మ పట్టు. ఈలోగా బాగుచెయ్యి.

సొలొమోను

తా.క. ఫోన్లో చెప్పకు, మర్చిపోతాను. కాగితం మీద రాయి.

పటమట

పెదనాన్నా, వందనాలు.

ఎక్కడ బిగుసుకుంటోందో తెలిసింది. పెట్టెను నిద్రలేపే ప్రోగ్రామును బూట్‌లోడర్ అంటాం. ఏది ఎక్కడుందో చెప్పే పాత లెక్క తీసేసి, కొత్త లెక్క చూసే మెమరీ మేనేజ్‌మెంట్‌నీ, చదివింది దగ్గర ఉంచుకునే క్యాష్‌నీ ఆన్ చేస్తుందది. అప్పటికే తర్వాతి పనులు పాత లెక్కన చదివేసుకుని ఉంటుంది. వాటినే పట్టుకుపోయి ఇరుక్కుంటోంది.

మీరు ఆదివారం ప్రార్థన అవగానే వారం పనులన్నీ ఒకేసారి చెప్పేస్తారే, అలా. మొన్న మధ్యలో చెరువుల నంబర్లు మార్చారు. పాపం, మీ మేత చల్లే యేసుకుమార్ ఎండిన చెరువులో చల్లి వచ్చాడు.

అందుకని ఆన్ చేసిన వెంటనే ఒక బారియర్ పెట్టాలి: ఆగు, చదివింది పారేయ్, కొత్తగా చదువు. పెట్టె యేసుకుమార్‌తో పంపండి.

డయానా

తా.క. అలాంటిది మీకూ ఒకటి పెడితే పెద్దమ్మ సంతోషిస్తుంది.

కలిదిండి

డయానాకు దీవెనలు.

పెట్టాను. ఏం మారినా సరే, అందరూ చేస్తున్నది ఆపి, వచ్చి మళ్ళీ అడగాలి. నిన్న కూర మార్చమన్నాను. మీ పెద్దమ్మ పొయ్యి ఆపి వచ్చి అడిగింది. మళ్ళీ మార్చాను, మళ్ళీ ఆపింది. ఆవకాయతో తిన్నాం. చర్చిలో పాస్టరుగారు పాట నంబరు మార్చారు. లేచి, "ఆపండి, ప్రార్థన దగ్గర్నుంచి రండి" అన్నాను. యేసుకుమార్ ఇంకా బయల్దేరలేదు. బస్టాపు దాకా వెళ్ళి, వాన వస్తోందని వెనక్కొచ్చి అడుగుతున్నాడు.

సొలొమోను

తా.క. ఇకమీదట వెనక బెంచీలో కూర్చోమన్నారు పాస్టరుగారు.

మంగళగిరి

పెదనాన్నా, వందనాలు.

ప్రతిదానికీ ఆపితే పెట్టె నత్తలా నడుస్తుంది. లెక్క మారిన చోట ఒక్కసారి చాలు. మా ఆఫీసు మంగళగిరికి మారింది. పెట్టె ఇక్కడికే పంపండి.

డయానా

తా.క. పెద్దమ్మను వంట చేసుకోనివ్వండి.

కలిదిండి

డయానాకు దీవెనలు.

నీ ఉత్తరం నిన్న అందింది. యేసుకుమార్ అప్పటికే పాత అడ్రసు పట్టుకుని పటమట వెళ్ళాడు. ఫోన్ చేసి ఆగమన్నాను. "పటమటలో వాచ్‌మన్ చెప్పాడండీ. మంగళగిరి వచ్చేశాను. అమ్మాయిగారి ఆఫీసు గుమ్మంలోనే ఉన్నానండీ" అన్నాడు.

"అది పాత లెక్కరా. పారేసి వెనక్కి రా" అన్నాను. వచ్చాడు. నీ ఉత్తరం చదివించి, ఈ పొద్దున మళ్ళీ పంపాను.

పెళ్ళి ఇవాళే. పెట్టె లేదు, యేసుకుమార్ లేడు, స్విచ్చి దగ్గర నేనే ఉన్నాను. ముసురు తగ్గింది, చేపలు బాగున్నాయి. "మీరు ఆగి చదువుకుంటూ కూర్చోండి. పెళ్ళికొడుకు ఆగడు" అంది మీ పెద్దమ్మ.

సొలొమోను

తా.క. యేసుకుమార్ ఆరింటికి వెళ్ళాడు. మీ పెద్దమ్మ ఏడింటికి ఒక్కతే పెళ్ళికి వెళ్ళింది.