రంగు మారిన బియ్యం

కొల్లేటి ఒడ్డు, ఏలూరు దగ్గర
జనవరి 20

ప్రియమైన పద్మనాభానికి,

నా ఫోన్ ఎత్తడం మానేశావు కనుక ఉత్తరం రాస్తున్నాను. చదవకుండా చింపావంటే నా మీద ఒట్టు.

ముప్ఫై ఏళ్లుగా తాడేపల్లిగూడెంలో నీ కొట్టుకి నా బియ్యం వస్తున్నాయి. ఈసారి వ్యానుని గుమ్మంలోంచే తిప్పి పంపేశావు. "రంగు మారిన బియ్యం నాకంటగడతాడా" అని హమాలీల ముందు అన్నావట. తడిసి రంగు మారిన ధాన్యం మర పట్టించి నీకు పంపేటంత నీచుణ్ణా నేను? కోతల్లో ఒక్క చినుకు పడలేదు.

ఇక్కడ చుట్టూ అన్నీ చేపల చెరువులైపోయాయి. మధ్యలో నా మూడెకరాలే వరి. దాన్నీ చెరువు చేద్దామని మా అబ్బాయి మనోజ్ పోరు. "పద్మనాభం గారు కొంటున్నంత కాలం వరేరా" అని ఇన్నాళ్లూ వాడి నోరు మూయించాను. ఇప్పుడేం చెప్పను? ఈ వేసవి దాళ్వా పంట కోయగానే తవ్వేస్తానంటున్నాడు. నీ మాట కోసం చూస్తుంటాను.

నీ చిన్ననాటి
వెంకట్రాజు


తాడేపల్లిగూడెం
జనవరి 29

ప్రియమైన వెంకట్రాజుకి,

ఒట్టు పెట్టావు కాబట్టి చదివాను. బియ్యం నా కళ్లతో నేను చూశాను. పసుపు కలిపినట్టున్నాయి. గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని ఏ ఊరివో చెప్పేవాణ్ణి, నాకా నువ్వు చెప్పేది?

అయినా నిన్నొక్కడినే అని ఏం లాభం? లోకమే పాడైంది. పాలవాడు పోసే పాలు పచ్చగా ఉంటున్నాయి. నా పంచె ఒక్కటీ తెల్లగా ఉండటం లేదు. రత్నాంబనడిగితే "ఏవండీ, మల్లెపూవులా ఉంటే మాసిందంటారేంటండీ" అని నా మీదికే వస్తుంది. వీధిలైట్లు కూడా నాసిరకం వేశారు, చుట్టూ వలయాలే గాని వెలుగు లేదు. నువ్వొక్కడివైనా మారవనుకున్నాను. అదే నా బాధ.

ఇట్లు,
పద్మనాభం


ఫిబ్రవరి 6

ప్రియమైన పద్మనాభానికి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒరేయ్, బియ్యం పచ్చన, పాలు పచ్చన, పంచెలు పచ్చన! పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నీకు కామెర్లు కాదు, శుక్లాలొచ్చాయి. మా వదిన శేషారత్నానికి అచ్చం ఇలాగే అయింది. కంట్లో ఉండే లెన్సు వయసుతో పసుపెక్కి మసకబారుతుందట. మెల్లమెల్లగా వస్తుంది కనుక మనకి తెలియదు, లోకం మాసిందనుకుంటాం. నీకు సుగరుంది, పైగా చుట్ట మానవు. ఆ రెండూ శుక్లాన్ని తొందరపెడతాయని వదినకి డాక్టరు చెప్పారు.

వెంటనే ఏలూరు రా. బస్టాండులో నేనుంటాను. కోతకి రెండు నెలలే ఉంది.

నీ
వెంకట్రాజు


ఫిబ్రవరి 15

ప్రియమైన వెంకట్రాజుకి,

రత్నాంబ కూడా నీ పక్షమే. ఇద్దరూ కలిసి నన్ను గుడ్డివాణ్ణి చేశారు. సరే, శుక్లమే అనుకుందాం. అది ముదరాలి కదా! మా నాన్నకి బాగా ముదిరాకే తీశారు. ఎండలు తగ్గాక చూద్దాం. ఈలోగా చుక్కల మందు వేసుకుంటున్నాను. బియ్యం విషయంలో మాత్రం నా మాట మారదు.

ఇట్లు,
పద్మనాభం


మార్చి 18

ప్రియమైన మొండివాడికి,

ముదరాలన్నది మీ నాన్నగారి కాలం మాట. ఇప్పుడు ముదిరితేనే తీయడం కష్టమట. చుక్కల మందుకి శుక్లం కరగదు. నీతో చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది. చేను పాలు పోసుకుంది. మనోజ్ చెరువు తవ్వే పొక్లెయిన్ వాళ్లతో మాట్లాడేశాడు. ఇక నేను రాయను.

వెంకట్రాజు


తాడేపల్లిగూడెం
ఏప్రిల్ 27

ప్రియమైన వెంకట్రాజుకి,

పది రోజుల కిందట కొట్టులో మెట్టు కనబడక పడ్డాను. మోచెయ్యి గీసుకుంది, అంతే. రత్నాంబ ఇక ఊరుకోలేదు, ఏలూరు లాక్కుపోయింది. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు.

"ముదరాలని ఆగానండీ" అన్నాను డాక్టరమ్మతో. "ముదిరాక కొయ్యడానికి ఇదేమన్నా వరిచేనాండీ? చూపుకి అడ్డమైనప్పుడే రావాలండీ" అంది. కుడికంట్లో మసకబారిన లెన్సు తీసి కొత్తది పెట్టారు. అరగంట కూడా పట్టలేదు. ఈ అరగంటకా నేను ఇన్ని నెలలు భయపడింది!

ఇంటికొచ్చాక, వ్యాను తిప్పి పంపేముందు తీసి ఉంచిన నీ బియ్యం శాంపిల్ పొట్లం విప్పాను. కుడికన్ను మూస్తే బియ్యం పచ్చగా ఉన్నాయి. ఎడమకన్ను మూస్తే తెల్లగా ఉన్నాయి. అలా ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. రత్నాంబ "చాలండీ, ఇక చాలండీ" అని పొట్లం తీసేసుకుంది. నిన్ను దొంగని చేశాను రా.

ఇప్పుడు నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. మనోజ్‌ని తవ్వొద్దని చెప్పు. హమాలీలందరి ముందు నా తప్పు నేనే చెబుతాను. నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

నీ
పద్మనాభం


మే 5

ప్రియమైన పద్మనాభానికి,

నీ ఉత్తరం అందేసరికి రెండెకరాలు తవ్వేశారు. పొక్లెయిన్ ముందు కూర్చుని మిగతా ఎకరం ఆపించాను. మనోజ్ నాతో మాట్లాడటం లేదు. వాణ్ణి తప్పుపట్టలేను, కొనేవాడు లేడని చెప్పింది నేనే కదా.

నీ మీద కోపం పోలేదు. పోయిందని అబద్ధం రాయలేను. ఫిబ్రవరిలో నువ్వు బస్సెక్కి ఉంటే మూడెకరాలూ ఉండేవి.

ఎడమకన్నుకి తారీఖు తీసుకున్నావా? తీసుకుని రాయి. ఈసారి నేనే వచ్చి తీసుకెళ్తాను, నీ మీద నాకు నమ్మకం లేదు. అప్పటిదాకా కన్ను నలపకు. ఎండలోకి నల్లద్దాలు లేకుండా వెళ్లకు. చుట్ట మానెయ్యి.

వానలు పడగానే సార్వా పంటకి ఆ ఎకరంలో నాట్లు వేస్తాను. వచ్చే బియ్యం నీ కొట్టుకి చాలవు. మీ ఇంటికీ మా ఇంటికీ సరిపోతాయి.

నీ
వెంకట్రాజు